వేగం – వేడి – వివేకం

(తృతీయ సంవత్సరం బి.యస్సీ. విద్యార్థి)

ఇది వేగయుగం అంటున్నారు. రైలు వేగం పెరిగింది, కబురు చేరే వేగం పెరిగింది, చివరకు పెళ్ళిలో బంతి లేచే వేగం కూడా పెరిగింది. అటువంటప్పుడు కంప్యూటర్ ముందు కూర్చున్న విద్యార్థి తన యంత్రం ఇంకాస్త చురుగ్గా నడవాలని కోరుకుంటే అందులో తప్పు పట్టవలసిందేమీ లేదు. తయారీదారు నిర్ణయించిన వేగాన్ని మించి యంత్రాన్ని నడపడాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారు. మన హాస్టళ్ళలో ఈ విద్య తెలిసినవారు చాలామందే వున్నారు. ప్రాసెసర్ వేడి గూర్చి, గ్రాఫిక్స్ కార్డు వేడి గూర్చి గంటల తరబడి మాట్లాడుకుంటారు. వాటికి పెద్ద పెద్ద ఫ్యాన్లు, నీటి గొట్టాలు బిగిస్తారు. కానీ మెమరీ, అంటే ర్యామ్, కూడా వేడెక్కుతుందనీ, దానికీ గాలి కావాలనీ ఆలోచించేవారు అరుదు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మెమరీ వేగం పెంచదలచినవారు దాని చల్లదనం లెక్కను మన ఊరి మే నెలలో కట్టాలి. ఆ లెక్క కుదిరితే ఆ వేగం మనది. కుదరకపోతే నిస్సంకోచంగా దాన్ని వదులుకోవాలి. ఇది పిరికితనం కాదా అని కొందరు మిత్రులు అడగవచ్చు. కాదని నా అభిప్రాయం. ఎందుకో వివరిస్తాను.

ముందుగా మెమరీ ఎట్లా పనిచేస్తుందో రెండు మాటలు. ఈనాడు మన కంప్యూటర్లలో వున్న డైనమిక్ ర్యామ్‌కు మూలమైన ఆలోచన 1966లో ఐ.బి.ఎం. సంస్థలో పనిచేసే రాబర్ట్ డెన్నార్డ్ అనే ఇంజనీరుది. 1968లో ఆయనకు పేటెంటు వచ్చింది. 1970లో ఇంటెల్ సంస్థ 1103 అనే చిప్‌ను మార్కెట్టులోకి తెచ్చింది. అందులో పట్టేది 1024 బిట్లు మాత్రమే. డెన్నార్డ్ ఆలోచన ఎంతో సులువైనది. ఒక బిట్టుకు ఒక ట్రాన్సిస్టరు, ఒక చిన్న కెపాసిటరు చాలు. కెపాసిటరులో విద్యుదావేశం వుంటే ఒకటి, లేకుంటే సున్న. అయితే ఇందులో ఒక చిక్కు వుంది. ఆ కెపాసిటరు మట్టికుండ వంటిది. నింపి వుంచినా నీరు చెమర్చి పోతూనే వుంటుంది. పూర్తిగా ఇంకిపోయేలోగా మళ్ళీ నింపాలి. ఆ నింపడాన్నే రిఫ్రెష్ అంటారు.

మాది మిర్చి, పత్తి పండించే పల్నాడు. అందుచేత ఈ రిఫ్రెష్ అనే మాట నాకు పుస్తకంలో కంటే చేలోనే బాగా అర్థమైంది. మెమరీ చిప్‌లో బిట్లు వరసలు వరసలుగా వుంటాయి, మిర్చి చేలో సాళ్ళ మాదిరిగా. ఒక సాలు తరువాత ఒక సాలుకు నీరు కడుతూ పోతాం. చివరి సాలు తడిసేసరికి మొదటి సాలు మళ్ళీ ఆరుతూ వుంటుంది. అన్ని సాళ్ళకూ వాడకముందే తడి అందాలి. డి.డి.ఆర్.4 మెమరీ ప్రమాణాల ప్రకారం ప్రతి వరసకూ 64 మిల్లీసెకన్లలోగా ఒక తడి అందాలి. చిప్ ఉష్ణోగ్రత 85 డిగ్రీల సెంటీగ్రేడు దాటితే ఆ గడువు సగానికి, అంటే 32 మిల్లీసెకన్లకు తగ్గుతుంది. డి.డి.ఆర్.5లో మామూలు గడువే 32 మిల్లీసెకన్లు, వేడి ఎక్కువైతే 16. కారణం రైతుకు చెప్పనక్కరలేదు. ఎండ ముదిరితే నేల త్వరగా ఆరుతుంది, తడులు దగ్గర పడాలి. చిప్‌లోనూ అంతే. వేడి పెరిగేకొద్దీ ఆవేశం కారిపోయే వేగం పెరుగుతుంది.

దీనికి తిరుగు ఉదాహరణ కూడా వుంది. 2008లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కొందరు ఇతరులతో కలిసి ఒక ప్రయోగం చేశారు. మెమరీ చిప్‌లను సుమారు సున్నకు 50 డిగ్రీల దిగువకు చల్లబరచి, కరెంటు తీసివేశారు. పది నిమిషాల తరువాత చూసినా చెదిరిపోయిన బిట్లు ఒక శాతం కంటే తక్కువే. మిల్లీసెకన్లలో తడి అడిగే మెమరీ, చలిలో నిమిషాల తరబడి జ్ఞాపకం పెట్టుకొన్నది! వేడికీ మరపుకూ వున్న సంబంధానికి ఇంతకంటే సాక్ష్యం కావాలా?

ఇక ఓవర్‌క్లాకింగ్ సంగతి. తడి పారించే సమయంలో చేలో దిగి కాయ కోయలేం గదా! అట్లాగే రిఫ్రెష్ జరుగుతున్నప్పుడు మెమరీ నుంచి చదవడం, అందులో వ్రాయడం కుదరదు. ఆ కాస్త సమయం కూడా వృథా ఎందుకని మన ఓవర్‌క్లాకర్లు తడికీ తడికీ మధ్య ఎడం పెంచుతారు. వేగం కొంచెం పెరుగుతుంది, నిజమే. కానీ ఒక చేత్తో ఎడం పెంచుతూ, రెండో చేత్తో వోల్టేజి పెంచి వేడి పుట్టిస్తున్నారు. అంటే ఎండను పెంచి నీళ్ళు తగ్గించడం. ఏ రైతైనా ఈ పని చేస్తాడా?

వేడి ఎంత పెరుగుతుందో స్థూలంగా లెక్క వేద్దాం. చిప్‌లో బిట్లు మారడానికి ఖర్చయ్యే విద్యుత్తు వోల్టేజి వర్గానికీ, వేగానికీ అనులోమంగా వుంటుంది. డి.డి.ఆర్.4 మెమరీకి ప్రామాణిక వోల్టేజి 1.2. ఓవర్‌క్లాక్ చేసేవారు సాధారణంగా 1.35 ఇస్తారు. ఈ రెంటి నిష్పత్తిని వర్గం చేస్తే సుమారు 1.27. వేగం 3200 నుంచి 3600కు పెంచితే అది మరో 1.125 రెట్లు. రెండూ గుణిస్తే సుమారు 1.42. వేగం పెరిగింది ఎనిమిదో వంతు, ఆ ఖర్చు పెరిగింది నూటికి నలభై పైగా. ఖర్చయిన విద్యుత్తు యావత్తూ చివరకు వేడిగానే బయటకు రావాలి. డి.డి.ఆర్.5లో అయితే వోల్టేజిని సరిచేసే భాగాన్ని కూడా మదర్‌బోర్డు మీద నుంచి తీసి మెమరీ కడ్డీ మీదనే పెట్టారు. దాని వేడి అదనం.

మెమరీ కడ్డీ ఒక్కొక్కటి వాడుకొనేది కొద్ది వాట్లే గదా, దానికి ఇంత గొడవ ఎందుకు అంటారేమో. ప్రాసెసర్‌తో పోలిస్తే అది తక్కువే. కానీ ప్రాసెసర్‌కు పెద్ద ఫ్యాను వుంది, మెమరీకి ఏమీ లేదు. పైగా కడ్డీలు ఒకదానికొకటి ఆనుకొని నిలబడతాయి. పక్కనే రెండు మూడు వందల వాట్లు మింగే గ్రాఫిక్స్ కార్డు వుంటే దాని వేడిగాలి తిన్నగా వీటి మీదికే వస్తుంది. ఇంట్లో పొయ్యి పక్కన కూర్చున్నవాడికి తన ఒంటి వేడి ఎంత అన్నది ముఖ్యం కాదు.

ఇంకొక విషయం. నేను ఓవర్‌క్లాకింగ్ చేయలేదు, నాకీ బాధ లేదు అనుకొనే మిత్రులు కూడా ఒకసారి తమ యంత్రం చూసుకోవాలి. మెమరీ పెట్టె మీద 6000 అని పెద్ద అక్షరాలతో వ్రాసి వుంటుంది. బయోస్‌లో ఎక్స్.ఎం.పి. లేక ఎక్స్‌పో అనే మీటను నొక్కితేనే ఆ వేగం వస్తుంది. ఎక్స్.ఎం.పి.ని 2007లో ఇంటెల్, ఎక్స్‌పోను 2022లో ఎ.ఎం.డి. ప్రవేశపెట్టాయి. ఆ మీట నొక్కడమంటే ప్రామాణిక వోల్టేజిని, వేగాన్ని దాటడమే, అంటే ఓవర్‌క్లాకింగే. దుకాణంలో యంత్రం బిగించే కుర్రవాడు నొక్కి ఇచ్చినా ఫలితం ఒకటే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మొదటి సంవత్సరం ఫిజిక్స్ లాబొరేటరీలో న్యూటన్ శీతలీకరణ నియమం అందరం చేశాం. కాలోరీమీటరులో వేడినీళ్ళు పోసి, నిమిషానికొకసారి థర్మామీటరు చూసి గ్రాఫు గీశాం, మార్కులు వేయించుకున్నాం, మరచిపోయాం. ఆ నియమం చెప్పేదేమిటి? వస్తువు చల్లబడే వేగం దానికీ పరిసరాలకూ మధ్య వున్న ఉష్ణోగ్రతా భేదాన్ని బట్టి వుంటుంది. కాబట్టి ఫ్యాను ఎంత పెద్దదైనా, నీటి గొట్టాలు ఎన్ని వున్నా, అవి గది గాలి కంటే చల్లగా చేయలేవు. మాట వరసకు ఒక మెమరీ చిప్ గది కంటే 28 డిగ్రీలు ఎక్కువ వేడిగా నిలకడకు వస్తుందనుకుందాం. గది 22 డిగ్రీలుంటే చిప్ 50. అదే గది 40 డిగ్రీలుంటే చిప్ 68. యంత్రం అదే, అమరిక అదే, మారినది గది మాత్రమే.

మనం చూసి నేర్చుకొనే అమరికలు చాలా భాగం చలిదేశాల గదుల్లో, లేదా ఎ.సి. గదుల్లో సరిచూసినవి. వాటిని అంకె అంకె దించుకొని, పైకప్పు శ్లాబు రోజంతా కాగి రాత్రి పదింటికి కూడా సెగ చిమ్మే హాస్టల్ పై అంతస్తు గదిలో పెడుతున్నాం. వేసవి వచ్చిందంటే మా పక్క రెంటచింతల పేరు పత్రికల్లో పడుతుంది. రామగుండం, విజయవాడ వాళ్ళకూ ఎండ గూర్చి నేను చెప్పనక్కరలేదు. పరాయి వూరి విత్తనం తెచ్చినప్పుడు మన నేలకు సరిపోతుందా అని పెద్దలు అడుగుతారు. పరాయి వూరి అమరిక తెచ్చినప్పుడు మనం ఆ ప్రశ్న ఎందుకు అడగం?

ఇది ఊహాగానం కాదు. మా హాస్టల్‌లో ఒక సీనియరు తన ప్రాజెక్టుకు నీటి ప్రవాహం లెక్కలు వేస్తున్నాడు. డిసెంబరులో మెమరీ వేగం పెంచి, రాత్రంతా పరీక్ష పెట్టి, ఒక్క తప్పు కూడా రాలేదని నిశ్చింతగా వున్నాడు. ఏప్రిల్ వచ్చేసరికి ఒక వింత జరిగింది. ఒకే ప్రోగ్రాము, ఒకే అంకెలు ఇచ్చి రెండుసార్లు నడిపితే రెండు జవాబులు వచ్చాయి! తప్పు ప్రోగ్రాములో వుందని పది రోజులు తల పగలగొట్టుకున్నాడు. గైడుగారు కూడా వరస వరస చదివి తప్పు కనబడలేదన్నారు. చివరకు ఒక సాయంత్రం పెట్టె పక్క రేకు తీసి టేబుల్ ఫ్యాను పెట్టి నడిపితే ఎన్నిసార్లు నడిపినా ఒకటే జవాబు. ఫ్యాను తీసి, యంత్రం బాగా కాగిన తరువాత మెమరీ పరీక్ష పెడితే తప్పులు బయటపడ్డాయి. పది రోజుల శ్రమ అట్లా పోయింది. గడువుకు ఇంకా మూడు వారాలు వుంది గనుక సరిపోయింది. లేకుంటే ఏ జవాబు వ్రాసి ఇచ్చేవాడు?

నన్ను కలవరపెట్టేది ఇదే. యంత్రం ఆగిపోతే మనకు తెలుస్తుంది. తెర నీలంగా మారితే తెలుస్తుంది. కానీ మెమరీలో ఒక్క బిట్టు మారితే చప్పుడు వుండదు. 37 అనే అంకెలో 1024 విలువ గల బిట్టు సున్న నుంచి ఒకటి అయితే అది 1061 అవుతుంది. అది పాటలో పడితే ఒక చిటుకుమనే చప్పుడు, బొమ్మలో పడితే ఒక చుక్క. ప్రయోగ ఫలితంలో పడితే? ఊళ్ళో అన్న అప్పుల లెక్కలు వ్రాసుకొన్న పట్టికలో పడితే? సర్వర్లలో ఇ.సి.సి. అనే సదుపాయం వుండి ఇటువంటి తప్పును పట్టి సరిదిద్దుతుంది. మన మామూలు యంత్రాలలో చాలావాటికి అది లేదు. డి.డి.ఆర్.5 చిప్‌ల లోపల కొంత దిద్దుబాటు వున్నా, చిప్ నుంచి ప్రాసెసర్ దాకా దారిలో జరిగే పొరపాట్లకు దాని కాపు లేదు.

దీనికి వ్యతిరేకంగా రెండు వాదాలు విన్నాను. మొదటిది, ప్రమాణమే 85 డిగ్రీల దాకా ఒప్పుకుంటుంటే 60కి భయమెందుకు అన్నది. ఆ 85 అనే హామీ ప్రామాణిక వోల్టేజికి, ప్రామాణిక వేగానికి, ప్రామాణిక తడికి ఇచ్చినది. ఆ మూడూ మనం మార్చిన తరువాత ఆ కాగితం చెల్లదు. సామ్‌సంగ్ బి-డై అనే పేరుపొందిన చిప్‌లను బిగువైన అమరికల మీద నడిపినవారి అనుభవం ఏమంటే, 50 డిగ్రీల ప్రాంతంలోనే తప్పులు మొదలు కావచ్చు.

రెండవ వాదం బలమైనదే. 2009లో టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన బియాంకా ష్రోడర్, గూగుల్‌కు చెందిన పినేరో, వెబర్ కలిసి వేలాది సర్వర్ల మెమరీని పరిశీలించి ఒక పత్రం ప్రచురించారు. ఏడాదిలో నూటికి ఎనిమిది పైగా కడ్డీలలో తప్పులు కనబడ్డాయి. అయితే ఉష్ణోగ్రత ప్రభావం వారనుకున్నంత లేదని తేలింది. దీన్ని చూపి వేడి ముఖ్యం కాదనేవారున్నారు. కానీ అవి నిర్ణీత వేగంతో, గాలి బాగా ఆడే గదుల్లో నడిచే సర్వర్లు. తడి తప్పని చేనుకు నాలుగు డిగ్రీల ఎండ పెరిగితే ఏమీ కాకపోవచ్చు. తడి ఎడం పెంచిన చేనుకు అదే ఎండ ప్రాణాంతకం. పైగా నిర్ణీత వేగంలోనే అన్ని తప్పులున్నాయంటే, హద్దు మీద నడిపేవారు ఇంకా జాగ్రత్తగా వుండాలన్నది ఆ పత్రం నుంచి నేను తీసుకొన్న పాఠం.

మరి చల్లబరచడం ఎట్లా? దుకాణానికి వెళితే రంగురంగుల దీపాలు, కిరీటం వంటి అల్యూమినియం రేకులు తొడిగిన మెమరీ చూపిస్తారు. ఆ రేకు ఉత్త అలంకారమని నేను అనను. అది ఒక చిప్ వేడిని పక్కకు పరుస్తుంది. కానీ పరచిన వేడిని ఎత్తుకుపోవడానికి గాలి కదలాలి. బోరులో దింపిన సబ్‌మెర్సిబుల్ మోటారు చుట్టూ నీరు కదులుతున్నంతసేపూ చల్లగా వుంటుంది. నీరు అడుగంటిన బోరులో అదే మోటారు వైండింగు కాలిపోతుంది. గాలి ఆడని పెట్టెలో కిరీటం పెట్టిన మెమరీదీ అదే గతి. ఇంకొక విచిత్రం. ప్రాసెసర్ మీది మామూలు ఫ్యాను తీసి ఖరీదైన నీటి శీతలీకరణ పెట్టినప్పుడు, ఆ పాత ఫ్యాను వల్ల పక్కనున్న మెమరీకి ఉచితంగా తగిలే గాలి కూడా పోతుంది. ప్రాసెసర్ చల్లబడి మెమరీ వేడెక్కుతుంది!

నా సలహాలు పెద్ద ఖర్చుతో కూడినవి కావు. కొద్ది వందల రూపాయల మామూలు ఫ్యాను ఒకటి మెమరీ మీదికి గాలి తగిలేటట్లు బిగించండి. ముందు నుంచి గాలి లోపలికి, వెనుక నుంచి బయటకు పోయే దారి చూడండి. దుమ్ము వడపోత జాలిని నెలకొకసారి దులపండి. మన వూళ్ళ ఎర్రదుమ్ము, పత్తి నూగు ఎంత గాలిని ఆపుతాయో దులిపినప్పుడు తెలుస్తుంది. నాలుగు కడ్డీల బదులు రెంటితో పని జరిగితే వాటి మధ్య ఎడం వుండేటట్లు పెట్టండి. వోల్టేజి ఒక్క మెట్టు తగ్గించి చూడండి. రిఫ్రెష్ ఎడాన్ని ప్రామాణికంగానే వుంచండి. డి.డి.ఆర్.5 కడ్డీలలో ఉష్ణోగ్రత కొలిచే సాధనం వుంటుంది, ఆ అంకె చూసి కాగితం మీద వ్రాసుకోండి. అన్నిటికంటే ముఖ్యం, పరీక్ష మే నెల మధ్యాహ్నం పెట్టండి. ఒక్క మెమరీ పరీక్షతో ఆగక, గ్రాఫిక్స్ కార్డుకు కూడా పని ఇచ్చి పెట్టె అంతా కాగిన తరువాత పెట్టండి. డిసెంబరు రాత్రి నెగ్గిన యంత్రం డిసెంబరు రాత్రికే పనికివస్తుంది.

నేను ఓవర్‌క్లాకింగ్‌కు శత్రువును కాను. విడిగా గ్రాఫిక్స్ కార్డు కొనలేని విద్యార్థికి, ప్రాసెసర్‌లోనే వున్న గ్రాఫిక్స్‌తో సరిపెట్టుకొనేవాడికి మెమరీ వేగం నిజంగా ఉపకరిస్తుంది. ఆ గ్రాఫిక్స్ ఈ మెమరీనే వాడుకుంటుంది గనుక. ద్రవ నైట్రోజన్ పోసి సున్నకు 196 డిగ్రీల దిగువన రికార్డులు సృష్టించేవారి సాహసాన్ని కూడా మెచ్చుకుంటాను. కానీ వారి యంత్రం రికార్డు కోసం కొద్దిసేపు నిలబడితే చాలు. మనది నాలుగేళ్ళు నిలబడాలి. 2025 చివరి నెలల్లో కృత్రిమ మేధ కేంద్రాల గిరాకీ వల్ల మెమరీ ధరలు ఎట్లా ఎగబాకాయో కొనబోయిన ప్రతివారూ చూశారు. మా ఇళ్ళలో యంత్రం కొనడమంటే మిర్చి అమ్మిన డబ్బులో ఎరువుల కొట్టు బాకీ తీర్చగా మిగిలిన దానితో కొనడం. అటువంటి దాన్ని నాలుగు శాతం వేగం కోసం ఎండలో వదిలే హక్కు నాకు లేదనుకుంటాను.

చివరగా మన విద్యార్థి సంఘానికి ఒక మనవి. సాంస్కృతిక వారోత్సవాలు జరుపుతున్నాం, క్రికెట్ పోటీలు పెడుతున్నాం, సంతోషమే. వాటితోపాటు ప్రతి ఏడాది వేసవి సెలవులకు ముందు ఒక మెమరీ పరీక్షా దినం పెట్టండి. పరీక్షించే ప్రోగ్రాములు ఉచితంగానే దొరుకుతాయి. రెండు పెన్‌డ్రైవులలో ఎక్కించి లైబ్రరీలో వుంచితే ఎవరికి వారు తీసుకెళ్ళి పరీక్షించుకుంటారు. మన కంప్యూటర్ లాబొరేటరీలో ప్రాజెక్టు లెక్కలకు వాడే యంత్రాలనైనా నిర్ణీత వేగంతోనే నడపవలసిందిగా అధ్యాపకులను కోరుతున్నాను. వీలైతే ఒక్క యంత్రానికైనా ఇ.సి.సి. మెమరీ సమకూర్చాలి. పరిశోధన పత్రంలో అంకె వేసేటప్పుడు, ఆ అంకె ఎండకు మారినది కాదని ధైర్యంగా చెప్పగలగాలి గదా!

మిత్రులారా, వేగం కోరుకోండి. అయితే మీ గదిలో గోడకు ఒక థర్మామీటరు తగిలించి, దాన్ని చూసి కోరుకోండి.